చుక్క పుండు ఎందుకు మానడం లేదు?

ఈ ఉత్తరం రాసినావిడ తన పేరు, ఊరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతాను.

వాళ్లింట్లో చుక్క అనే ఆడకుక్క ఉంది. నుదుట తెల్లమచ్చ ఉందని ఆ పేరు పెట్టారు. దానికిప్పుడు తొమ్మిదేళ్లు. నాలుగు నెలల కిందట ఒక సాయంత్రం ఈవిడ గేటు గడియ వేయడం మరిచిపోయారు. చుక్క వీధిలోకి పరుగెత్తి బండి చక్రం కింద పడింది. ఎముకలు విరగలేదు గానీ, వెనక ఎడమ కాలికి మడమ కీలు దగ్గర అరచేయంత మేర చర్మం ఒలిచినట్టు ఊడిపోయింది. ఆస్పత్రిలో శుభ్రం చేసి కట్టు కట్టారు. రెండు నెలల్లో గాయం చాలావరకు పూడింది. సగం అగ్గిపెట్టెంత మిగిలాక ఆగిపోయింది. అప్పటినుంచి అది పెరగదు, తగ్గదు.

“రోజుకు రెండుసార్లు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నేనే కడుగుతున్నాను. తెల్లగా నురగ పొంగి చీము అంతా బయటికి వస్తుంది. మెడకు గరాటులాంటి కాలరు పగలంతా ఉంచుతాను. రాత్రి మాత్రం జాలేసి తీసేస్తాను. నా మంచం పక్కనే పడుకుంటుంది, పెద్దగా నాకదు” అని రాశారు. దురదకు రెండేళ్లుగా వేస్తున్న చిన్న స్టెరాయిడ్ మాత్ర తప్ప చుక్క వేరే మందులేవీ వాడడం లేదట. వయసు మీద పడినందుకేమో, ఈ మధ్య నీళ్లు ఎక్కువగా తాగుతోందట.

ఇక గొడవ. ఒక పెద్ద క్లినిక్‌లో మూలకణాల చికిత్స చేస్తామన్నారు. మూలకణాలంటే స్టెమ్ సెల్స్, కొత్త కణాలను పుట్టించగల కణాలు. చుక్క పొట్ట దగ్గర కొవ్వు తీసి, అందులోంచి మూలకణాలు వేరుచేసి, గాయం చుట్టూ సూదితో ఎక్కిస్తారట. రెండు విడతలు. చికిత్సకు ముందు, తర్వాత తీసిన ఫొటోలు కూడా చూపించారు. అంతకుముందు చూసిన డాక్టరు మాత్రం వేరేచోటి చర్మం తీసి అతికిద్దామన్నారు. దూరాన చదువుకుంటున్న కూతురు మూలకణాలే చేయించాలంటోంది. “చికిత్స ఉండి కూడా చేయించకపోతే దాన్ని నువ్వే చంపినట్టు” అని ఫోనులో అనేసింది. భర్త “తొమ్మిదేళ్ల కుక్కకు ఇంత ఖర్చా? దాన్ని ఇలా కోయించి బాధపెట్టే బదులు ఇంజెక్షన్ ఇప్పించి సాగనంపడం మేలు” అంటున్నారు. “ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. గడియ వేయనిది నేను. ఏం చేయమంటారు?” అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మూలకణాల గురించి మీకేం చెప్పాలా అని చదివాను. రెండోసారి, మీరు మామూలు సంగతుల్లా రాసి దాటేసిన నాలుగు మాటల దగ్గర ఆగిపోయాను. నురగ, రాత్రి తీసేసే కాలరు, రెండేళ్ల మాత్ర, ఎక్కువైన నీళ్లు. మీ ఇంట్లో వాదనంతా మూలకణాలా, చర్మం అతకా, ఆఖరి ఇంజెక్షనా అన్నదాని చుట్టూ తిరుగుతోంది. అంత బాగా పూడుతూ వచ్చిన గాయం ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోయిందని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. నేను చుక్కను చూడలేదు కాబట్టి రోగనిర్ణయం చేయను. కానీ ఈ ప్రశ్నకు జవాబు దొరకకుండా మిగతా మూడింటిలో ఏది ఎంచుకున్నా గుడ్డిగా రాయి విసిరినట్టే.

ముందు ఆ కాలి దగ్గర ఏం జరుగుతోందో చూద్దాం. కుక్క చర్మం మన చర్మంలా కింది కండను గట్టిగా పట్టుకుని ఉండదు, వదులుగా జారుతుంది. వీపు మీదో పక్కటెముకల మీదో గాయమైతే చుట్టూ ఉన్న చర్మం, సంచి మూతికి తాడు లాగినట్టు, దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే ఒక్కోసారి పెద్ద పెద్ద గాయాలు కూడా కుక్కలకు కుట్లు లేకుండా మానిపోతాయి. మడమ దగ్గర ఆ వదులు లేదు. మొదటి రెండు నెలల్లో లాగగలిగినంత చర్మాన్ని లాగేసుకుంది. ఆ మిగిలిన సగం అగ్గిపెట్టెంత మేర అంచుల నుంచి కొత్త చర్మం పాకి కప్పాల్సిందే.

చర్మం పైపైన గీరుకుపోతే ప్రతి వెంట్రుక కుదురు నుంచీ కొత్త చర్మం పుట్టుకొస్తుంది, కోసిన గడ్డి దుబ్బు దుబ్బుకూ మళ్లీ చిగురించినట్టు. వెంట్రుక కుదురు పక్కన చిన్న ఉబ్బు ఉంటుంది, చర్మానికి చెందిన మూలకణాలు అక్కడ కాపురముంటాయని 1990లో గుర్తించారు. చుక్కకు ఆ కుదుళ్లతో సహా చర్మం పోయింది. ఇక గాయం మధ్యలో చిగురు వేసేదేమీ లేదు, అంచులే దిక్కు. ఆ అంచుల్లో కొత్త కణాలు పుట్టి, పలచని పొరగా, తడిగా ఉన్న ఎర్రటి కండ మీద ఒకదాన్నొకటి పట్టుకుని పాకుతాయి. అంటే, మూలకణాలు తెప్పించాలా వద్దా అని మీరంతా తర్జనభర్జన పడుతున్నారు గానీ, పుండు అంచుల్లో చుక్క సొంత మూలకణాలు ఇప్పటికే పనిలో ఉన్నాయి. రోజుకు రెండుసార్లు వాటి మీదే పెరాక్సైడ్ పోస్తున్నారు.

నొచ్చుకోకండి. ఆ నురగ చూసి మోసపోనివారు తక్కువ. కానీ అది చీము బయటికి రావడం కాదు. రక్తంలోనూ బతికున్న కణాల్లోనూ కెటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, ఆ ఆక్సిజన్ బుడగలే మీరు చూసే నురగ. ఆరోగ్యంగా ఉన్న కొత్త కండ మీద పోసినా అలాగే పొంగుతుంది. క్రిములకు తగిలే దెబ్బే చర్మానికి గట్టిదనమిచ్చే కొల్లాజెన్ పీచును అల్లే కణాలకూ తగులుతుంది. గాయమైన మొదటి రోజున మట్టి కడగడానికి ఒకసారి వాడితే వాడారు, నాలుగు నెలలు వాడవలసింది కాదు. ఈ పూటతో ఆపేయండి. సెలైన్ చాలు. అది లేకపోతే అర లీటరు నీళ్లు మరగకాచి, ఒక చిన్న చెంచా ఉప్పు సమంగా కొలిచి వేసి, చల్లార్చి వాడుకోవచ్చు. స్పిరిటు, చిక్కటి అయొడిన్ కూడా వద్దు.

కడిగాక గాలికి ఆరబెడుతున్నారేమో కూడా చూసుకోండి, ఆ సంగతి మీరు రాయలేదు. పుండును ఆరనిస్తేనే మానుతుందని తాతల కాలం నుంచి నమ్మకం. జార్జ్ వింటర్ అనే ఆయన 1962లో పందుల చర్మం మీద ప్రయోగం చేసి దీన్ని తలకిందులు చేశారు. గాలికి వదిలేసి పక్కుకట్టిన గాయాల కన్నా, ప్లాస్టిక్ పొర కప్పి తడి ఆరకుండా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది. పక్కు కింద కణాలు దారి తొలుచుకుంటూ పోవాలి, తడి మీద పాకుతూ పోతాయి. తేమ నిలిపే డ్రెస్సింగులు ఆ తర్వాత వచ్చినవే. చుక్కకు అలాంటి డ్రెస్సింగు వేయించండి. రోజూ విప్పి చూడకండి, ఎన్ని రోజులకు మార్చాలో డాక్టరు చెబుతారు.

ఇక రాత్రి సంగతి. “పెద్దగా నాకదు” అన్నారు. మీరు నిద్రపోయాక ఎంత నాకుతుందో మీకెలా తెలుస్తుంది? కుక్క లాలాజలంలో క్రిములను కొంత అడ్డుకునే పదార్థాలు ఉన్న మాట నిజమే. కానీ ఆ నాలుక గరుకు, కొత్త పొర ఉల్లిపొర కన్నా పలచన. పగలంతా పాకిన నలుసంత చర్మాన్ని రాత్రి పది నిమిషాల్లో గీకేయగలదు. పైగా మడమ కీలు. అది లేచిన ప్రతిసారీ, కూర్చున్న ప్రతిసారీ ఆ చోటు మడిచి విప్పినట్టవుతుంది. కొన్ని వారాలు కీలు కదలకుండా బద్ద పెట్టి కట్టు కట్టడం ఇలాంటి పుళ్లకు అవసరమవుతుంది. ఇది ఎవరైనా చెప్పారా?

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ చిన్న మాత్ర. స్టెరాయిడ్ దురదను చల్లార్చేది శరీరంలో వాపును అణిచే గుణంతోనే. గాయం మానడం మొదలయ్యేదేమో సరిగ్గా ఆ వాపుతోనే. ముందు రక్తం గడ్డకడుతుంది, తర్వాత రక్షక కణాలు వచ్చి చచ్చిన కండను, క్రిములను ఊడ్చేస్తాయి, ఆ తర్వాతే కొత్త రక్తనాళాలు, కొల్లాజెన్, చర్మం. స్టెరాయిడ్ ఈ పనిని మొదట్లోనే మందగింపజేస్తుంది, కొల్లాజెన్ అల్లికను కూడా తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, పొట్ట వేలాడుతుంది, దాహం పెరుగుతుంది. చుక్క నీళ్లు ఎక్కువ తాగడం వయసు వల్ల కాకపోవచ్చు. మాత్ర వల్ల కావచ్చు, శరీరం తనంతట తానే స్టెరాయిడ్‌ను ఎక్కువగా తయారుచేసే కుషింగ్స్ జబ్బు కావచ్చు, మధుమేహం కావచ్చు, మూత్రపిండాల జబ్బూ కావచ్చు. వీటిలో చాలావరకు గాయాన్ని మాననివ్వనివే. రక్తం, మూత్రం పరీక్ష చేయిస్తే చాలా సంగతులు తేలతాయి.

ఇది చదవగానే రేపు పొద్దున మాత్ర మానేసేరు, అలా చేయవద్దు. రెండేళ్లు బయటి నుంచి అందుతున్నప్పుడు, శరీరంలో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ సొంత తయారీ తగ్గించేసుకుంటాయి. ఒక్కసారిగా మానేస్తే కుక్క కూలబడిపోవచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరు లెక్క ప్రకారం మెల్లమెల్లగా తగ్గించాలి. స్టెరాయిడ్ కాని దురద మందులు ఇప్పుడున్నాయి, వాటి గురించి అడగండి.

ఇంకొక పరీక్ష మిగిలింది, అంచు నుంచి చిన్న ముక్క తీసి చూడడం. బయాప్సీ అనగానే భయపడతారు. గాయం ప్రమాదం వల్ల వచ్చింది కాబట్టి అది కంతి అయ్యే అవకాశం తక్కువే. కానీ రెండు నెలలుగా కదలని పుండును, అందులోనూ పెద్ద వయసు కుక్కలో, పరీక్ష చేయకుండా వదలకూడదు. అదే ముక్కలో లోతున దాగిన క్రిములు, బూజు కూడా పట్టుబడతాయి. పైన దూది రాసి పంపే పరీక్షలో ఎప్పుడూ పైన తిరిగే క్రిములే కనిపిస్తాయి. ఒక ఎక్స్‌రే కూడా తీయించండి. చచ్చిన ఎముక పెచ్చు లోపల ఉండిపోయినా పుండు ఇలాగే మొండికేస్తుంది. ఎక్స్‌రేలో పడని వస్తువులూ ఉంటాయి. నా ఉద్యోగం తొలిరోజుల్లో ఒక కుక్క పాదం పుండును ఐదు వారాలు మార్చి మార్చి మందులు వేసి చూశాను. చివరికి కోసి చూస్తే లోపల సగం విరిగిన ముల్లు. దాన్ని తీసేశాక పది రోజుల్లో మూసుకుపోయింది. ఆ ఐదు వారాలూ నేను రాసిన మందుల చీటీలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఇప్పుడు మీరడిగిన మూలకణాల దగ్గరికి వద్దాం. మీ అమ్మాయి చెప్పేది గాలి కబురు కాదు. కొవ్వు నుంచి, ఎముక మజ్జ నుంచి, బొడ్డుతాడు నుంచి తీసిన ఈ కణాలను ఎలుకలు, కుందేళ్లు, కుక్కలు, గుర్రాల గాయాల మీద ఎన్నో చోట్ల పరీక్షించారు. చాలా ప్రయోగాల్లో గాయాలు కొంత త్వరగా మూసుకున్నాయి, రక్తనాళాలు ఎక్కువగా పెరిగాయి. అయితే క్లినిక్ వాళ్లు మీకు ఎలా చెప్పారో గానీ, మీ ఉత్తరాన్ని బట్టి మీరు ఊహించుకున్నది విత్తనాలు నాటినట్టు కణాలు నాటితే అవే చర్మంగా మొలుస్తాయని. నిజానికి జరిగేది అది కాదు. ఎక్కించిన కణాల్లో చాలా భాగం కొద్ది రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో కనుమరుగవుతాయి. రక్తంలోకి ఎక్కిస్తే ఎక్కువ భాగం ముందు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. ఉన్న నాలుగు రోజుల్లో అవి చేసేది మేస్త్రీ పని. కొన్ని రసాయనాలు వదిలి, ఇంకా పోట్లాడుతున్న రక్షక కణాలను మరమ్మతు పనిలోకి మళ్లిస్తాయి, రక్తనాళాలను రమ్మని పిలుస్తాయి, అంచుల కణాలను తొందరపెడతాయి. ఇటుకలు పేర్చేది మాత్రం చుక్క సొంత కణాలే. ఈ కణాలకు ‘మెసెంకైమల్ స్టెమ్ సెల్స్’ అన్న పేరును 1991లో వాడుకలోకి తెచ్చిన ఆర్నాల్డ్ కాప్లాన్ స్వయంగా 2017లో ఆ పేరు మార్చేద్దామన్నారు. స్టెమ్ సెల్స్ అనడం వల్లే జనం లేనిపోనివి ఆశిస్తున్నారని ఆయన బాధ. పేరు మాత్రం మారలేదు. ఆశలు అమ్ముకోవడానికి ఆ పేరే బాగుంటుంది మరి.

మేస్త్రీని పిలిచినా కూలీలు పని చేసే వీలు ఉండాలి కదా. పగలు పెరాక్సైడ్, రాత్రి నాలుక, పూటపూటకూ స్టెరాయిడ్, అడుగడుక్కూ మడత పడే కీలు. ఇవన్నీ అలాగే ఉంచి ఎంత మంచి కణాలు ఎక్కించినా ఏం లాభం?

ప్రయోగాల గురించి ఇంకొక మాట. ఎలుకలకు కుక్కల కన్నా కూడా వదులు చర్మం. గాయం చేస్తే చుట్టూ చర్మం ముడుచుకుని తొందరగా మూసుకుంటుంది. అందుకని కొందరు పరిశోధకులు గాయం చుట్టూ చిన్న సిలికాన్ వలయం కుట్టేస్తారు, చర్మం దగ్గరికి రాకుండా. అంత జాగ్రత్త తీసుకున్నా, అవి ఆరోగ్యంగా ఉన్న జంతువు మీద శుభ్రంగా, గుండ్రంగా, కోరి చేసిన గాయాలు. కణాలు వేయకపోయినా అవి ఎలాగూ మానేవే, తేడా కొన్ని రోజులది. చుక్కది నాలుగు నెలల పుండు. అలాంటి పుళ్లలోనూ మేలు కనిపించిన సందర్భాలు ఉన్నాయి. కానీ ఎక్కువగా కొద్దిపాటి జంతువుల్లో, పక్కన పోల్చి చూసే గుంపు లేకుండా, మిగతా చికిత్సలతో కలిపి చేసినవి. క్లినిక్ వాళ్లు చూపిన రెండు ఫొటోలూ నిజమైనవే అయి ఉండవచ్చు. ఆ మధ్య కాలంలో కట్టు మార్చారా, మందు మార్చారా, నాకడం ఆపించారా అన్నది ఫొటోలో పడదు.

ఐరోపాలో 2019లో గుర్రాలకు, 2022లో కుక్కలకు మూలకణాల మందులకు అధికారిక అనుమతి వచ్చింది. కానీ అవి కీళ్ల సమస్యలకు ఇచ్చినవి, చర్మపు గాయాలకు కాదు. కాబట్టి గాయాలకు మూలకణాలు అంటే, తలుపు తట్టిన చికిత్సే గానీ ఇంకా ఇంట్లో అడుగుపెట్టిన చికిత్స కాదు. మీకు ఎవరైనా ‘రుజువైపోయింది’ అంటే కొంచెం వెనక్కి జరగండి.

అయినా చేయించాలనుకుంటే మీ ముందు రెండు దారులు. ఒకటి చుక్క సొంత కొవ్వు. సొంత కణాలు కాబట్టి శరీరం తిరగబడదు. కానీ కొవ్వు తీయాలంటే మత్తు ఇచ్చి కోయాలి. ఒక గాయం మానక బాధపడుతున్న కుక్కకు, స్టెరాయిడ్ మీద ఉన్న కుక్కకు, ఇంకొక గాయం చేస్తున్నారన్నమాట. ముసలి జంతువు కణాలు లేత జంతువు కణాల్లా చురుగ్గా విభజన కావు కూడా. తీసిన కొవ్వును అదే రోజు శుద్ధి చేసి ఎక్కిస్తారా, లేక ల్యాబులో పెంచి ఎక్కిస్తారా అన్నది తప్పక అడగండి. అదే రోజు ఎక్కించే మిశ్రమంలో రకరకాల కణాలు ఉంటాయి, వాటిలో మూలకణాలు నూటికి కొన్నే. పెంచాలంటే రెండు మూడు వారాలు పడుతుంది. రెండో దారి, ఆరోగ్యంగా ఉన్న వేరే కుక్క నుంచి తీసి, పెంచి, గడ్డకట్టించి ఉంచిన కణాలు. కోత బెడద లేదు, వెంటనే దొరుకుతాయి. కానీ దాతకు జబ్బులేవీ లేవని పరీక్షించి ఉండాలి, కరిగించాక ఎన్ని కణాలు బతికున్నాయో లెక్క చూసి ఉండాలి. పరాయి కణాలను రక్షక వ్యవస్థ పసిగట్టి ప్రతిరక్షకాలు తయారుచేయడం గుర్రాల్లో కనిపించింది. రెండో విడత మొదటి దానంత పని చేయకపోవచ్చు.

కణాలు బతికున్నాయని చూపే కాగితం, క్రిములు లేవని చూపే కాగితం, ఇంతకు ముందు చికిత్స చేసిన జంతువుల్లో మానని వాటి సంగతి. ఈ మూడూ అడగండి. మూడో ప్రశ్నకు మొహం మాడ్చకుండా జవాబిచ్చే డాక్టరైతే నమ్మవచ్చు.

బయాప్సీ ముందే కావాలని నేను పట్టుబట్టడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఈ కణాలు రక్తనాళాలను పెంచుతాయి, రక్షక వ్యవస్థను శాంతింపజేస్తాయి. పుండుకు ఆ రెండూ వరమే, కంతికీ వరమే. ఆ అనుమానం తీరకుండా ఎక్కించడానికి ఏ క్లినిక్ సిద్ధపడినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

చర్మం అతికించడం గురించి. మొదట చూసిన డాక్టరు చెప్పింది పాతబడ్డ పద్ధతని మీ అమ్మాయికి అనిపించవచ్చు. నాకైతే, చుక్క పుండు ఉన్న చోటుకు అది చాలా సమంజసమైన ఆలోచన. పక్కటెముకల మీద వదులుగా ఉన్న చర్మం కొంచెం తీసుకుంటారు, అక్కడి కోత మామూలుగా తొందరగానే మానిపోతుంది. తెచ్చి పెట్టిన చర్మం మొదటి రెండు రోజులు కిందినుంచి ఊరే ద్రవం పీల్చుకుని బతుకుతుంది, ఆ లోపు కిందినుంచి రక్తనాళాలు వచ్చి కలవాలి. కింద చీము ఉన్నా, రక్తం గడ్డ ఉన్నా, కాలు కదిలినా ఆ కలయిక జరగదు, అతుకు నల్లబడి ఊడిపోతుంది. రెండు వారాలు చుక్కను బద్దతో, కాలరుతో, దాదాపు ఒకచోట కట్టిపడేసినట్టు ఉంచాలి. మీకది కష్టంగా ఉంటుంది, కాలరు దగ్గరే మీ మనసు కరిగిపోతోంది కదా. నిలిస్తే మాత్రం ఆ చోటుకు గట్టి చర్మం, కొన్ని వెంట్రుకలు కూడా వస్తాయి. దానంతట అది మానిన చోట వచ్చేది పలచటి, వెంట్రుకల్లేని మచ్చ. ఎంత బాగా మానిన మచ్చయినా అసలు చర్మం బలంలో 80 శాతానికి మించదంటారు.

ఈ రెంటికీ మధ్య ఇంకా చాలా ఉన్నాయి. వైద్యానికి శుద్ధి చేసిన తేనె, రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల గాఢద్రవం, గాయం మీద మెల్లగా పీల్చే పంపు. 2017 డిసెంబరులో కాలిఫోర్నియా కార్చిచ్చులో పాదాలు కాలిపోయిన ఎలుగుబంట్లకు అక్కడి పశువైద్యులు శుద్ధి చేసిన తిలాపియా చేప చర్మం కప్పి, పైన మొక్కజొన్న పొట్టు చుట్టి కట్టు కట్టారు. ఎలుగుబంటి కట్టును నమిలి మింగినా ప్రమాదం లేనివి కావాలి కదా! అందులో మూలకణాల ఊసే లేదు. నొప్పి తగ్గింది, కొత్త చర్మం వచ్చింది, వాటిని అడవిలో వదిలిపెట్టారు. కొత్త చికిత్స పేరు ఎంత గంభీరంగా ఉందన్నది పుండుకు తెలియదని చెప్పడానికే ఇది చెప్పాను.

నేనైతే పరీక్షల నుంచి మొదలుపెడతాను. వాటిలో చెడ్డదేదీ తేలకపోతే నాలుగు వారాలు గడువు పెట్టుకోండి. నురగ లేదు, తేమ నిలిపే కట్టు, కీలుకు బద్ద, పగలూ రాత్రీ కాలరు, డాక్టరు చేతుల మీదుగా తగ్గే మాత్ర. వారానికొకసారి కట్టు మార్చేటప్పుడు పుండు మీద శుభ్రమైన పారదర్శక కాగితం ఆనించి, పెన్నుతో అంచు గీసుకుని తారీఖు వేయండి. కళ్లు అబద్ధం చెబుతాయి, గీత చెప్పదు. అంచును కూడా మంచి వెలుతురులో చూడండి. మానుతున్న అంచు పలచగా, లేత గులాబి రంగులో లోపలికి జారుతూ ఉంటుంది. మొండికేసిన అంచు మందంగా, తెల్లబడి, చాప అంచు చుట్టుకున్నట్టు లోపలికి ముడుచుకుని ఉంటుంది. నాలుగు గీతలూ ఒకదానిలో ఒకటి ఇమిడిపోతుంటే, మూలకణాల సంగతి మరిచిపోవచ్చు. ఒకదాని మీద ఒకటి పడుతుంటే, అప్పుడు చర్మం అతికించడమా, మూలకణాలా అన్నది నిజమైన ప్రశ్న అవుతుంది. అప్పటికి కింద కండ కూడా సిద్ధమై ఉంటుంది కాబట్టి రెండింటికీ గెలిచే అవకాశం ఇప్పటికన్నా ఎక్కువే. కంతి అని తేలితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి, అప్పుడు మళ్లీ రాయండి.

చికిత్స ఏదీ పెద్దది వద్దు, ఇలాగే కట్టు మారుస్తూ బతకనిద్దాం అన్నది కూడా ఒక దారే, అది తప్పేమీ కాదు. మళ్లీ మళ్లీ క్రిములు పట్టడం, నాకడం, కట్టు పని జీవితాంతం ఉంటాయని తెలిసి ఒప్పుకోవాలి, అంతే. కానీ తింటున్న, తోక ఊపుతున్న, మంచం పక్కకు నడిచొచ్చి పడుకుంటున్న కుక్కకు సగం అగ్గిపెట్టెంత పుండు కోసం ఆఖరి ఇంజెక్షన్ అన్నది నేను ఒప్పుకోను. మీ వారు కఠినాత్ములని నాకనిపించలేదు. ఆయన మాటల్లో ఖర్చు ముందు వచ్చింది గానీ, వెనక ‘బాధపెట్టడం’ అన్న మాట కూడా ఉంది. దాన్ని పట్టుకోండి. పరీక్షలు, కట్టు, నాలుగు వారాలు అన్న లెక్క ఆయన ముందు పెట్టండి. అంతూ దరీ లేని ఖర్చుకు భయపడే మనిషి, గడువున్న ఖర్చుకు చాలాసార్లు తలూపుతాడు. మీ అమ్మాయికి మాత్రం ఈ జవాబు మొత్తం చదివి వినిపించండి. దూరాన ఉన్నవాళ్లు చేయి వేసి నిమరలేరు కాబట్టి పెద్ద మాటలు విసురుతారు. వచ్చే నాలుగు ఆదివారాలూ ఆ గీతల ఫొటోలు తనకు పంపండి, లెక్క తననే రాయమనండి.

గడియ సంగతి మీరు మూడు చోట్ల రాశారు. మొదటి పేజీలో ఒకసారి, మూడో పేజీలో అడ్డంగా కొట్టేసి ఒకసారి, చివర ఒకసారి. అది జరిగిపోయింది. కానీ ఆ తప్పు భారం మీ చేత ఇప్పటికీ రెండు పనులు చేయిస్తోంది. అతిగా కడిగిస్తోంది, అతిగా జాలిపడనిస్తోంది. రోజుకు రెండుసార్లు ఆ నురగ చూసినప్పుడు ఏదో చేస్తున్నానన్న ఊరట మీకు దొరుకుతోంది. రాత్రి కాలరు తీసినప్పుడు చుక్క మిమ్మల్ని క్షమించినట్టు అనిపిస్తోంది. చుక్కకు గేటు గుర్తుండదమ్మా.

గరాటు కాలరుతో నిద్రపట్టదనుకుంటే గాలి ఊదే మెత్తటి కాలర్లు ఉన్నాయి, కానీ కొన్ని కుక్కలు వాటితో కూడా మడమను అందుకుంటాయి. పెట్టి, కాసేపు గమనించి చూడండి. మొదటి రెండు మూడు రాత్రులు గోడలకు కొట్టుకుంటుంది, మూలుగుతుంది, మీ వంక చూస్తుంది. మంచం మీద నుంచి చేయి కిందికి వేలాడేసి చెవి వెనక గోకండి. కాలరు మాత్రం తీయకండి.